ఏడు పెట్టెల చెవి

జనానికున్న ఫిర్యాదులన్నీ ఒకచోట పోసి, చెరిగి, జల్లెడ పట్టి చూస్తే చివరికి ఒక్కటే మిగిలిందట: "మా మాట ఎవరూ వినడం లేదు." రోడ్డు లేదు, డాక్టరు రాడు, పంపు పాడైపోయింది లాంటివన్నీ పొట్టు. గింజ ఇదొక్కటే. ఈ సంగతి కనిపెట్టడానికి రాజధానిలో పదకొండుమంది పెద్దలు పద్నాలుగు నెలలు కూర్చున్నారు. అన్నాళ్లు కూర్చున్నవాళ్లు ఊరికే లేవరు కదా! వినకపోవడమనేది చెవికి సంబంధించిన లోపమనీ, చెవి లోపానికి విరుగుడు ధ్వని యంత్రమనీ, కనక అర్జీలు పుచ్చుకునే ప్రతి ఆఫీసుకీ ఒక సరౌండ్ సౌండ్ ప్రాసెసరు ఇప్పించాలనీ తేల్చి మరీ లేచారు. సినిమా హాల్లో గుర్రం మన వీపు వెనకనుంచి పరిగెత్తుకొచ్చి, నెత్తిమీంచి దూకి, తెరలోకి వెళ్లిపోయినట్టు వినిపిస్తుంది చూడండి, అదే సరుకు. ఇళ్లల్లో పెట్టుకునే సైజుది. దీనికి 'సమగ్ర శ్రవణ పథకం' అని పేరు పెట్టారు.

ఆ పథకం ఊరూరా తిరిగి తిరిగి, జ్యేష్ఠమాసంలో ఒక సోమవారంనాడు ఆవలిగట్టు లాకుల దగ్గర లారీ దిగింది.

ఆవలిగట్టులో ఉన్నవి కాలవ, కాలవకి లాకులు, లాకుల పక్కనే గట్టు మీద కాలవల శాఖవారి పెంకుటాఫీసు. ఆఫీసులో ఉండేది ముగ్గురు. ఇంజనీరు చిదంబరేశ్వరరావుగారు, గుమస్తా అవతారం, తలుపులెత్తి దించే లస్కరు గంటయ్య. లాకు తలుపులెత్తితే దిగువనున్న నాలుగువందల ఎకరాలు పచ్చగా ఉంటాయి, దించితే ఉండవు. ఇంత తేలిక పనికి ముగ్గురెందుకని ఊళ్లో ఎవరూ అడగలేదు. ఆ ముగ్గురిలో గంటయ్య ఒక్కడే పనిచేస్తాడనీ, మిగతా ఇద్దరూ ఆ పని జరిగిందని రాస్తారనీ అందరికీ తెలుసు.

లారీ దిగిన పెట్టెలు చూడగానే ఇంజనీరుగారు పెచ్చెట్టి ముసలయ్యకి కబురెట్టారు.

ముసలయ్యది మైకుసెట్టు. పుట్టగానే తాత పేరు పెట్టేశారు గనక, పేరుకి తగ్గ వయసు రావడానికి ఏభైమూడేళ్లు పట్టింది. నాలుగు గొట్టాలు, రెండు మైకులు, ఒక ఆంప్లిఫయరు, నాటకాలకి అద్దెకిచ్చే సరంజామా అతని ఆస్తి. ఆ సరంజామాలో ఆరడుగుల పల్చటి రేకొకటుంది. దాన్ని మైకు ముందు పట్టుకుని ఊపితే అచ్చం ఉరుము. ఒకసారి పక్కూరి నాటకంలో ఊపితే మూడుమైళ్ల అవతల కళ్లాల్లో జనం ధాన్యం రాసుల మీద బరకాలు కప్పేసుకున్నారని చెబుతాడు. వెనకటికి ఐదుమైళ్లని చెప్పేవాడు. వయసొచ్చాక కాస్త తగ్గించాడు.

ఇవికాక ముసలయ్యకి కాలవ కొట్టకొసన రెండెకరాలు. ఆ రెండెకరాలకీ సరిపడా నారు పోసి అప్పటికి వారం రోజులు. బియ్యంగింజ పొడుగున మొలకలొచ్చి, పొద్దున్నే గట్టు మీద నుంచుంటే కళ్లకి చల్లగా ఉంది. అంతకంటే ఆ ఏడాది అతనికి కావలసిందేమీ లేదు, ఆ నారు బతికితే చాలు.

"ముసలయ్యా, నువ్వు ధ్వనిరంగ నిపుణుడివని ఊరు ఘోషిస్తోంది," అన్నారు ఇంజనీరుగారు.

"నిపుణుణ్ణి కాదండి. మైకోణ్ణి."

"ఈ యంత్రాన్ని స్థాపించు. అర్జీదారుడు వసారాలో నించుని మైకులో చెప్పుకుంటాడు. నేను గది మధ్యన ఆసీనుణ్ణవుతాను. అతని ఆక్రందన ఏడు దిక్కులనుంచీ నన్ను చుట్టుముడుతుంది. ఇక వినలేదనే అపవాదుకి తావుండదు."

ముసలయ్య పెట్టెలన్నీ విప్పించి చూశాడు. నల్లటి ప్రాసెసరు ఒకటి, దాన్నుంచి తీగలు వెళ్లే స్పీకరు పెట్టెలు ఏడు, దూడంత బరువున్న బుంగ పెట్టె ఒకటి. బుంగ పెట్టె పని గుండెలదిరేట్టు దబదబలాడించడం.

"ఒక్క మాటండయ్యా," అన్నాడు తల గోక్కుంటూ. "ఇది వినే యంత్రం కాదండి. వినిపించే యంత్రమండి. ఇది చెవి కాదండి, నోరండి."

ఇంజనీరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పదకొండుమంది పెద్దలు పద్నాలుగు నెలలు కూర్చుని చెవి అని తేల్చారు. నువ్వు రెండు నిమిషాలు నించుని నోరంటావా?"

ముసలయ్య అప్పటికి నోరు మూసుకున్నాడు. పెట్టెలో అర్జీదారుడి మైకు లేకపోతే తన మైకే ఒకటి తెచ్చి వసారాలో నిలబెట్టాడు. రోజూ పొద్దున్న వచ్చి ఆ మైకుని పరీక్ష చేసి వెళ్లే బాధ్యత కూడా అతనికే అప్పజెప్పారు.

యంత్రంతో పాటు 'సురక్షిత వినియోగ సూచనలు' అనే పుస్తకమొచ్చింది. నూట పన్నెండు పేజీలు. దాన్ని ఎవరు తెలుగు చేశారో గానీ శాసనం చెక్కినట్టు చేశారు. అవతారం గుమస్తా గొంతు సవరించుకుని చదవడం మొదలెట్టాడు.

"మూడవ పుట. ఉరుములు వినబడిన తక్షణమే ప్లగ్గును గోడనుండి ఊడబెరుకవలెను. ఈ విషయమున ఎవరి అనుమతికొరకును వేచియుండరాదు."

ఇంజనీరుగారు కుర్చీలోంచి లేచారు.

"మళ్లీ చదువు," అన్నారు.

అవతారం మళ్లీ చదివాడు. "నా ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఇలాంటి వాక్యం చూడలేదు సార్. అనుమతి లేకుండా ఒక పని చెయ్యమని!"

ఇంజనీరుగారు ఆ వాక్యాన్ని పెద్దక్షరాలతో రాయించి, అద్దం కట్టించి, తన కుర్చీకెదురుగా గోడకి పెట్టించుకున్నారు. తమ ఉద్యోగంలో సొంతంగా చెయ్యగలిగిన పని అదొక్కటే గనక, రోజుకొకసారి దాన్ని తృప్తిగా చూసుకునేవారు.

"నాలుగవ పుట. ఉపకరణమును జలసమీపమున వినియోగింపరాదు."

ముగ్గురూ కిటికీలోంచి చూశారు. కాలవ గోడకి ఒరుసుకుని పారుతోంది.

"రెండే మార్గాలు," అన్నారు ఇంజనీరుగారు. "కాలవ దగ్గర్నుంచి ఆఫీసు తీసెయ్యాలి, లేదా ఆఫీసు దగ్గర్నుంచి కాలవ తీసెయ్యాలి. ఆఫీసు మార్చాలంటే ఎన్ని సంతకాలు అవతారం?"

"ఇరవైమూడు సార్."

"కాలవ ఆపాలంటే?"

"మీదొక్కటే సార్."

మధ్యాహ్నం భోజనాల వేళకి గంటయ్య లాకు తలుపులు దించేశాడు.

ముసలయ్య ఉన్నపళాన చేతులు జోడించాడు. "అయ్యా, నారుమళ్లండీ! వారం నారండి! నీళ్లాపేస్తే పది రోజులు కూడా ఉండదండి!"

"నీ ఆవేదన సమంజసమే. అర్జీ పెట్టుకో."

"ఇప్పుడు చెబుతున్నది అదేనండి!"

"ఇలా ఎదురుగా నించుని చెబితే ఎలా? నేటినుంచి అర్జీలు యంత్రం ద్వారా మాత్రమే వినబడును. నీకు ఒకటో నంబరిస్తున్నాను. యంత్రం సిద్ధం కాగానే మొట్టమొదట నీ గొంతే వింటాం. చరిత్రకెక్కుతావు."

ముసలయ్య భార్య నూకాలు ఈ సంగతి విని, నడుమ్మీద చెయ్యేసుకుని, "ఆ తీగలు నువ్వేగా తగిలిస్తున్నావు! తొందరగా తగిలించి తగలెయ్యవయ్యా!" అంది. ముసలయ్య తిన్నగా ఆఫీసుకి పరిగెత్తాడు. ఎర్రతీగ ఎర్రదానికీ, నల్లతీగ నల్లదానికీ తగిలించి, ముందు మూడు, పక్కల రెండు, వెనక రెండు పెట్టెలు నిలబెట్టి, చుట్టూ గాలాడే జాగా వదిలి, రెండోరోజు పొద్దుగూకకుండా పని పూర్తిచేశాడు. ఇక మీట నొక్కడమే తరవాయి.

అప్పుడు అవతారం రెండో పేజీ తెరిచాడు. దాన్ని ముందే చదవాల్సింది గానీ, మూడో పేజీ ధాటికి అది కాస్తా మర్చిపోయాడు.

"గృహ వినియోగమునకు మాత్రమే," అని చదివి పుస్తకం మూశాడు.

ఆఫీసులో ఇంటి యంత్రం వాడకూడదు. యంత్రం ఆఫీసుది కాలేదు గనక, ఆఫీసే ఇల్లు కావాలి. పంచాయతీవారు వచ్చి గుమ్మం పక్కన ఇంటినంబరు వేశారు. గడపకి పసుపు రాశారు, మామిడాకులు కట్టారు. నాలుగోరోజు పొద్దున్న గృహప్రవేశం. పాలు పొంగించాలి గనక గంటయ్య పక్కగదిలో పొయ్యి వెలిగించి, పాలు పొంగి పారేదాకా కదలకుండా చూసి, పొంగినట్టు రిజిస్టర్లో వేలిముద్ర వేశాడు. ఇంటికి ఇల్లాలుండాలి. ఇంజనీరుగారి భార్య పట్నంనుంచి, "ఆ కాలవగట్టుకి నేను రాను, కావాలంటే ఆ యంత్రాన్నే కాపురానికి పెట్టుకోండి," అని ఫోనులో చెప్పింది. అవతారం ఆలోచించి ఇంటి రికార్డులో 'ఇల్లాలు: ప్రస్తుతానికి ఖాళీ. భర్తీ చేయవలసియున్నది' అని రాశాడు.

"ఇప్పుడైనా నొక్కమంటారా?" అన్నాడు ముసలయ్య.

"ఉండు. ఇది ఇల్లయ్యాక వచ్చేవాళ్లు అర్జీదారులు కారు, చుట్టాలు," అన్నారు ఇంజనీరుగారు. "చుట్టాలు గుమ్మంలో అడుగెట్టగానే కష్టాలు చెప్పుకుంటారా? మర్యాదుండక్కర్లా? ముందు మంచినీళ్లు, తరవాత కుశలప్రశ్నలు, కాఫీ. వెళ్లబోతూ గుమ్మం దగ్గర, 'అన్నట్టు...' అని ఎత్తుకోవాలి. అర్జీ అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఇది విధివిధానాల్లో చేర్చు అవతారం."

ఈ మర్యాదలు రాయడానికి మరొక రోజు పట్టింది. అప్పటికి నారుమడి బీట తీసింది. నూకాలు బిందెతో బోరింగు నీళ్లు మోసి ఒక మూల తడుపుతుంటే, ఇంకో మూల ఎండుతోంది. "కుశలప్రశ్నలంటయ్యా, కుశలప్రశ్నలు!" అని ప్రతి బిందెకీ ఒకసారి అంటోంది.

ఆరోరోజున సవరింపు. యంత్రం దానంతటది ఒక్కొక్క పెట్టెలోంచి 'హుష్'మని ఊదుతుంది. కుర్చీలో కూర్చునేవారి చెవి ఎత్తున చిన్న మైకొకటి పెడితే, ఏ పెట్టె ఎంత దూరంలో ఉందో లెక్కేసుకుని సర్దుకుంటుంది. మామూలుగా అయితే ఐదు నిమిషాల పని. ముసలయ్య ఫ్యాన్లు ఆపించి, తలుపులేయించి మొదలెట్టబోయాడు. అవతారం పుస్తకం తీశాడు.

"పందొమ్మిదవ పుట. ఈ సమయమున పరిసరములయందు సంపూర్ణ నిశ్శబ్దము ఉండవలెను."

"పరిసరాలంటే గదండి," అన్నాడు ముసలయ్య.

"పరిసరాలంటే నా అధికార పరిధి," అన్నారు ఇంజనీరుగారు.

టముకు వేయించారు. పదకొండు గంటలనుంచి పావుగంటసేపు ఆవలిగట్టు, దాని శివారు పల్లెలు మూడు, ఊపిరి తప్ప మరే చప్పుడూ చెయ్యరాదని. రైసుమిల్లు ఆగింది. బడిపిల్లలు నోటిమీద వేలేసుకున్నారు. దెబ్బలాడుకుంటున్న తోడికోడళ్లు ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకుని ఆపారు. బస్సుని ఊరిబయట ఇంజను ఆపించి జనంచేత తోయించారు. అంత నిశ్శబ్దం ఆవలిగట్టు పుట్టాక ఎరగదు. నూకాలు ఇంట్లో మజ్జిగలో ఉప్పురాయి వేస్తే, అది కరుగుతున్న చప్పుడు పక్కింటావిడకి వినిపించిందంటారు. ఆవిడ ఇప్పటికీ ఆ మాట మీదే ఉంది.

యంత్రం ఊదడం మొదలెట్టింది. ఒకటో పెట్టె, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడోది ఊదబోతుండగా ఎండిపోయిన కాలవలో నీళ్లకోసం వెతుక్కుంటున్న బాతులు గోలెత్తాయి. యంత్రం 'విఫలం' అని చూపించింది.

ఏడోరోజు బాతుల్ని పొరుగూరికి పంపించి మళ్లీ ప్రయత్నించారు. ఆరు పెట్టెలయ్యాయి. ఏడోది ఊదబోతుండగా ఇంజనీరుగారికి ఆనందం ఆగక, "ఆహా, ఎంత నిశ్శబ్దం!" అన్నారు.

విఫలం. ఆ అపశబ్దం ఎవరిదో తేల్చమని గంటయ్యకి మెమో ఇచ్చారు.

ఎనిమిదోరోజుకి ముసలయ్యకి ఒక ఉపాయం తట్టింది. "అయ్యగారూ, మీరు తాంబూలం వేసుకుంటే శ్రేష్ఠమండి," అని ఐదాకులు కలిపి చుట్టి నోట్లో పెట్టించాడు. ఆ బుగ్గతో ఇంజనీరుగారు మాట్లాడలేకపోయారు. ఏడు పెట్టెలూ, బుంగ పెట్టె కూడా నిక్షేపంగా ఊదాయి. 'సఫలం' అని చూపించింది యంత్రం.

ఆ రోజే మొదటి శ్రవణం. ముసలయ్య వసారాలో నిలబడ్డాడు. మంచినీళ్లు తాగాడు. పిల్లలు కులాసానా అంటే కులాసా అన్నాడు. కాఫీ తాగాడు. వెళ్లబోతున్నట్టు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, మైకులో, "అన్నట్టు అయ్యగారూ, నారు చచ్చిపోతోందండి. నీళ్లొదలండి!" అన్నాడు.

ఆ మాట ఏడు పెట్టెల్లోంచీ లేచి, పెంకులదిరేట్టు గదంతా తిరిగింది. ఇంజనీరుగారు కళ్లు మూసుకుని తల ఊపారు.

"మళ్లీ చెప్పు. ఎడంవేపు వెనకాల దుఃఖం కొంచెం తక్కువొస్తోంది."

ముసలయ్య మళ్లీ చెప్పాడు.

"'చచ్చిపోతోంది' దగ్గర బుంగ పెట్టె అద్భుతంగా పలికింది! అక్కడ ఒకసారి లాగి..."

మూడోసారి లాగి చెప్పాడు. ఈసారి గొంతు దానంతటదే పగిలింది. పొద్దున్న చూసొచ్చిన నారు అటు పచ్చనా కాదు, ఇటు పసుపూ కాదు, కళ్లెదుట ఉంది మరి. ఇంజనీరుగారి కళ్లవెంట నీళ్లు కారాయి. కాలవంతటికీ అవే నీళ్లు ఆ రోజున. ఆయన కళ్లు తుడుచుకుని, అర్జీ మీద 'విన్నాము' అని ముద్ర గుద్దించి ఇచ్చారు.

"మరి నీళ్లెప్పుడొదులుతారండి?"

"నీళ్లా? ఇది శ్రవణ పథకమయ్యా. వినడం వరకే. చెయ్యడానికి వేరే పథకం తయారవుతోంది."

ముసలయ్య ఆ కాగితం మడిచి మొలలో దోపుకున్నాడు. ఇంతలో యంత్రం టక్కుమని ఆగిపోయింది. దాని నుదుటిమీద ఎర్రదీపం వెలిగింది.

ఇంజనీరుగారు కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. "ఏమైంది? ఏమైంది దానికి?"

ముసలయ్య వెళ్లి యంత్రం మీద చెయ్యేసి చూశాడు. పెనంలా కాలుతోంది. అది కాలడమేమిటి, గదే కాలుతోంది. పెంకుల కింద జ్యేష్ఠమాసపు ఎండ, నిశ్శబ్దంకోసం మూసిన కిటికీలు. అతని బుర్రలో ఏదో మెరిసింది. గబగబా పుస్తకం లాక్కుని పేజీలు తిరగేశాడు. వానాకాలం చదువే అయినా కూడబలుక్కుని పైకి చదివాడు.

"ముప్పైయొకటో పుటండి. గది ఉష్ణోగ్రత ముప్పైఅయిదు డిగ్రీలు మించరాదు. మించినచో యంత్రమునకు ప్రాణాపాయము."

"ఇప్పుడెంతుంది?"

"నలభైరెండు సార్," అన్నాడు అవతారం. "ఇదివరకు ఎప్పుడూ ఇంత లేదు."

"ఇదివరకు కిటికీ కింద కాలవుందండి," అన్నాడు ముసలయ్య మెల్లిగా. "ఆ చల్లగాలే ఈ గదిని ఇన్నాళ్లూ కాపాడిందండి. కాలవ ఎండబెట్టేశారు. పాపం, మూగజీవం, ఎలా తట్టుకుంటదండి?"

ఇంజనీరుగారు యంత్రాన్ని చూశారు. నారుమడి కోసం కదలని మనసు ఎర్రదీపం చూసి కరిగిపోయింది. "అయ్యో," అన్నారు. "నీళ్లొదలండి!"

"నాలుగో పుట సార్!" అని అడ్డం పడ్డాడు అవతారం. "జలసమీపమున..."

"నీళ్ల దగ్గరికి యంత్రాన్ని తీసుకెళ్లొద్దన్నాడండి," అన్నాడు ముసలయ్య. "యంత్రం దగ్గరికి నీళ్లు రాకూడదనలేదండి. యంత్రం ఉన్నచోటే ఉంటది. కాలవే వచ్చి పోతా ఉంటది."

ఇంజనీరుగారు దీన్ని రెండుసార్లు లోపల అనుకుని, "సూక్ష్మంగా ఉంది. రాయి," అన్నారు. "యంత్ర శీతలీకరణ నిమిత్తం మాత్రమే జలవిడుదల. వ్యవసాయానికి ఎంతమాత్రం కాదు. యంత్రం కోలుకున్నాక, అది పనిచేస్తున్నంతకాలం విడుదల, ఆగితే నిలుపుదల. మరి చల్లబరచగా మిగిలిన వ్యర్థజలాన్ని ఏం చెయ్యాలి?"

"మా పొలాల్లో పారబోసుకోండయ్యా," అన్నాడు ముసలయ్య, తల వంచుకుని. "ఏం చేస్తాం, ఎలాగో భరిస్తాం."

"మీ త్యాగాన్ని రికార్డు చేస్తున్నాను," అన్నారు ఇంజనీరుగారు.

గంటయ్య ఆ రోజు తలుపులెత్తినంత హుషారుగా జన్మలో ఎత్తలేదు. వ్యర్థజలం సాయంత్రానికి కొట్టకొసకి చేరింది. నూకాలు గట్టుమీద కూర్చుని, చతికిలబడ్డ నారు లేవడం చూసేదాకా అన్నం తినలేదు. ముప్పాతిక నారు బతికింది.

ఆ ఏడాది వర్షాలు కూడా ఆదుకున్నాయి. యంత్రాన్ని చల్లబరచిన నీళ్లతో నాలుగువందల ఎకరాలు పండాయి. కార్తీకమాసం వచ్చేసరికి ఎండ తగ్గింది, యంత్రానికి చల్లబరుపు అక్కర్లేకపోయింది, తలుపులు దించారు. చేలు ఆరాయి. ముసలయ్య చేను బంగారురంగు తిరిగి, కంకి బరువుకి నడుం వంచింది. మర్నాటినుంచి కోత అనగా, రాజధానినుంచి రెండో లారీ వచ్చింది. ఈసారి లారీలో యంత్రం లేదు, ఒక కాగితమే ఉంది. దాని పేరు 'సమగ్ర చర్యా పథకం.' ఇంతవరకు విన్న అర్జీలన్నిటిమీదా, వరస నంబరు ప్రకారం, కాగితం అందిన పూటే చర్య తీసుకోవలెను.

ఒకటో నంబరు అర్జీ ఎవరిదో మళ్లీ చెప్పక్కర్లేదు.

"నారు చచ్చిపోతోంది, నీళ్లొదలండి," అని అవతారం చదివాడు. ఇంజనీరుగారు గంభీరంగా లేచి నిలబడి, "రెండు తలుపులూ పూర్తిగా ఎత్తు గంటయ్యా," అన్నారు. నీళ్లొదలడానికి ఆఫీసులో ఉన్న ఉత్తర్వు ఒక్కటే గనక, దానిమీదే రాశారు, యంత్ర శీతలీకరణ అని.

ముసలయ్య కొడవలి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. "అయ్యగారూ! అది నారప్పటి అర్జీ అండి! ఇప్పుడు కోతకొచ్చిందండి! నీళ్లెక్కితే చేను పడిపోద్దండి, గింజ మొలకెత్తిపోద్దండి!"

"అంటే నీ అర్జీని నువ్వే వ్యతిరేకిస్తున్నావా?"

"ఆయ్, వ్యతిరేకిస్తున్నానండి! ఆ మాట అన్నందుకు నన్ను చెప్పుచ్చుక్కొట్టండి, గానీ తలుపులు దించండి!"

"తప్పకుండా వింటాం. వ్యతిరేకార్జీ పెట్టుకో. నీ నంబరు..." అవతారం రిజిస్టరు తిప్పాడు. "నాలుగువందల పద్దెనిమిది సార్. ఫాల్గుణంలో రావచ్చు."

"ఫాల్గుణానికి వండుకు తినెయ్యడం కూడా అయిపోవాలండి!"

"అయితే సమస్యే ఉండదు కదా," అన్నారు ఇంజనీరుగారు, సంతోషంగా.

ముసలయ్య బయటికొచ్చి కాలవ వంక చూశాడు. నీళ్లు ఎర్రగా, వడిగా పోతున్నాయి. కొట్టకొసకి చేరడానికి సాయంత్రం దాకా పడుతుంది. సూర్యుడు నడినెత్తికి రాలేదు. గట్టుమీద నూకాలు నిలబడి ఉంది.

"ఏమన్నాడయ్యా?"

"ఫాల్గుణంలో వింటాడంట."

"అతగాడు ఇన్నాళ్లూ విన్నదేంటి, నీ నోరు నొప్పెట్టడం తప్ప! అడక్కుండా, ఆలోచించకుండా ఆ మనిషి చేసే పని ఒక్కటైనా ఉందా?"

ముసలయ్య టక్కున ఆగాడు. ఉంది. అద్దం కట్టించి గోడకి పెట్టుకున్నాడు.

కొడవలి నూకాలు చేతిలో పెట్టి ఇంటికి పరిగెత్తాడు. చూరు కిందనుంచి ఆరడుగుల రేకు లాగి, నెత్తిన పెట్టుకుని ఆఫీసు వసారాలోకొచ్చాడు. ఎవరూ అడ్డుకోలేదు. రోజూ వచ్చి మైకు పరీక్ష చేసేవాడేగా! లోపల ఇంజనీరుగారు కుర్చీలో కళ్లు మూసుకుని తరవాతి అర్జీ కోసం చెవులప్పగించి ఉన్నారు. ముసలయ్య మైకు మీట నొక్కి, రేకుని రెండు చేతులా పట్టుకుని, నాలుగువందల ఎకరాలనీ తలుచుకుని ఊపాడు.

ముందు కుడివేపు గొణిగింది. వెనక్కెళ్లి తిరిగొచ్చింది. ఎడంవేపు విరుచుకుపడింది. బుంగ పెట్టె భూమిలోంచి లాగినట్టు దబదబలాడింది. పెంకులు నాలుగు రాలాయి. పొరుగూరికి పంపిన బాతులు అక్కడ మంచం కింద దూరాయట.

"ఉరుము!" అని కేక పెట్టారు ఇంజనీరుగారు.

అవతారం కిటికీలోంచి చూశాడు. "సార్, ఆకాశం నిర్మలంగా ఉంది. మబ్బు తునక కూడా..."

"మనది శ్రవణ పథకం! చూసే పథకం ఇంకా రాలేదు!" అంటూ ఇంజనీరుగారు ఎవరి అనుమతికోసమూ ఆగకుండా, జీవితంలో మొదటిసారి, ఒక్క ఉరుకున వెళ్లి ప్లగ్గు ఊడబెరికారు. ఊడబెరికి, దాన్ని చేత్తో పట్టుకుని ఆయాసపడుతూ నిలబడ్డారు. ముఖం వెలిగిపోతోంది.

ముసలయ్య వసారాలోంచి తొంగిచూశాడు. "యంత్రం ఆగిపోయినట్టుందండి. మరి ఆగిన యంత్రాన్ని చల్లబరచడం..."

అవతారం ఉలిక్కిపడి ఫైలు తీశాడు. "నిజమే సార్! 'ఆగితే నిలుపుదల.' ఇప్పుడు వదిలే ప్రతి చుక్కా నిబంధనలకి విరుద్ధం!"

"గంటయ్యా!" అని అరిచారు ఇంజనీరుగారు. గంటయ్య అప్పటికే సగం దించేశాడు.

నీళ్లు ముసలయ్య చేనుకి రెండు మళ్ల ఇవతల ఆగిపోయాయి. ఉరుములు ఆగిన అరగంట దాకా ప్లగ్గు పెట్టకూడదని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. కనక వసారాలో మైకు తీగ తీసి తన సొంత గొట్టానికి తగిలించుకుని, ముసలయ్య నాలుగు రోజులపాటు అరగంటకోసారి ఉరిమాడు. ఆ నాలుగు రోజుల్లో ఊరి చేలన్నీ కోతలైపోయి కుప్పలు పడ్డాయి. కార్తీకంలో ఎండగాచిన నాలుగు రోజులూ ఎడతెరిపి లేకుండా ఉరిమిన ప్రాంతమని ఆవలిగట్టు పేరు శాఖవారి రికార్డుల్లోకెక్కింది. దీనిమీద అధ్యయనానికి రాజధానిలో తొమ్మిదిమంది కూర్చున్నారట. ఇంకా లేవలేదు.

ఇంజనీరుగారు ఇప్పటికీ ఆ కుర్చీలోనే కళ్లు మూసుకుని వింటున్నారు. ఆవలిగట్టులో మాత్రం అర్జీలు రాసేవాళ్లు లేరు. ఇంటికొక రేకు కొనుక్కున్నారు.